ముఖచిత్రం వెనక వారం గడువు

2005 మే 5న బ్రిటన్‌లో పార్లమెంటు ఎన్నికలు. ఆ వారం పత్రికలన్నిటి నిండా నాయకుల ముఖాలే. రేడియో, టీవీ కార్యక్రమాల వివరాలిచ్చే ‘రేడియో టైమ్స్’ వారపత్రిక కూడా ఎన్నికల మీదే ముఖచిత్రం వేసింది. కాకపోతే దాని మీద ఏ నాయకుడూ లేడు. లండన్ పార్లమెంటు భవనం ముందు ఒక డాలెక్ నిలబడి ఉంది. ‘డాక్టర్ హూ’ అనే సీరియల్లో రెండు తరాల బ్రిటిష్ పిల్లల్ని హడలగొట్టిన లోహపు జీవి అది. పక్కన పెద్ద అక్షరాల్లో, డాలెక్‌కే ఓటెయ్యండి అనే పిలుపు. ఏప్రిల్ 30 శనివారం రాత్రి ఆ సీరియల్లో డాలెక్ చాలా ఏళ్ల తరవాత మళ్లీ కనిపించబోతోంది. ఆ తరవాతి గురువారం దేశం ఓటు వేయబోతోంది. రెండు తేదీలూ ఒకే సంచికలో పడ్డాయి. 2008లో బ్రిటన్ పత్రికా ప్రచురణకర్తల సంఘం పెట్టిన పోటీలో, ఆ దేశంలో అప్పటిదాకా వచ్చిన పత్రికా ముఖచిత్రాలన్నిటిలోకీ మేటిదిగా ఎంపికైంది ఇదే.

ఆ బొమ్మ ఒక వారం ముందు వచ్చి ఉంటే సగంమంది పట్టించుకునేవారు కాదు. ఒక వారం ఆలస్యమైతే ఓట్ల లెక్కింపు కూడా అయిపోయి పాత జోకు అయ్యేది. వినోద వారపత్రికలో క్రియేటివ్ డైరెక్టర్ పని ఏమిటో చెప్పడానికి నాకు ఇంతకంటే సూటి ఉదాహరణ కనబడదు. పేజీలు అందంగా ఉండాలి, నిజమే. కానీ ఈ వారం పాఠకుడి కన్ను మొదట దేని మీద పడాలి అన్నది తేల్చడం అసలు పని. అదీ గడువు లోపల, చాలాసార్లు తన చేతిలో లేని సరుకుతో.

ముందు హోదాల గొడవ చూద్దాం. క్రియేటివ్ డైరెక్టర్ అనగానే మనవాళ్లకు ప్రకటనల కంపెనీయో, టీవీ చానెలో గుర్తొస్తుంది. పత్రికలో ఆ మనిషి సంపాదకుడి పక్క కుర్చీలో కూర్చుంటాడు, లేదా కూర్చుంటుంది. కింద ఆర్ట్ డైరెక్టర్, డిజైనర్లు, ఫోటో ఎడిటర్, బొమ్మలు దిద్దేవాళ్లు ఉంటారు. కొన్ని పత్రికల్లో ఈ కుర్చీనే డిజైన్ డైరెక్టర్ అంటారు. ఏ పేజీ ఎలా కనబడాలో చేసి చూపించేది డిజైనరు. అలాగే ఎందుకు కనబడాలో సంపాదకుడితో వాదించి ఒప్పించాల్సింది క్రియేటివ్ డైరెక్టరు. చివరి మాట మాత్రం సంపాదకుడిదే. ఈ ఇద్దరికీ పొసగని పత్రిక ఎలా ఉంటుందో చూడాలంటే, హెడ్డింగు ఒకటి చెబుతూ ఫోటో ఇంకొకటి చెప్పే పేజీలు చాలు.

అమెరికాలో ఈ పనికి పెద్ద బడిలాంటి పత్రిక ‘ఎంటర్‌టైన్‌మెంట్ వీక్లీ’. టైమ్ సంస్థ దీన్ని 1990 ఫిబ్రవరి 16 తేదీ సంచికతో మొదలుపెట్టింది. ఆలోచన జెఫ్ జార్విస్‌ది. తొలి ముఖచిత్రం గాయని కె.డి. లాంగ్. సినిమా, టీవీ, పాటలు, పుస్తకాలు, వీడియోలు అన్నీ ఒకేచోట పెట్టి, దేనికి డబ్బు ఖర్చు పెట్టొచ్చో, దేనికి అక్కర్లేదో చెప్పడం దాని వ్యాపారం. అందులో సమీక్షల చివర పరీక్ష మార్కుల్లా ఎ, బి, సి గ్రేడులు వేసేవారు. అది సమీక్షకుల అలవాటుగా కనబడుతుంది గానీ, నా లెక్కలో అది డిజైను నిర్ణయం కూడా. పేజీలో పది సమీక్షలున్నప్పుడు పాఠకుడు మొదట గ్రేడు చూస్తాడు, తరవాత బొమ్మ చూస్తాడు, ఆపైన ఇష్టముంటే చదువుతాడు. ఆ క్రమం ముందే ఊహించి పేజీ కట్టినవాళ్లు సగం పని గెలిచినట్టే.

ఇక వారం ఎలా నడుస్తుందో చూద్దాం. పత్రిక శుక్రవారం బజారుకొస్తుందనుకోండి. ఆ వారం మొదట్లోనే పేజీలు ప్రెస్సుకు వెళ్లిపోవాలి. అంటే ఏం వెయ్యాలన్న ఆలోచన అంతకుముందు వారమే మొదలవుతుంది, పెద్ద ఫోటో షూటులైతే నెలల ముందే. ఏ రోజు చూసినా బల్ల మీద మూడు సంచికలుంటాయి. ఒకటి ప్రెస్సుకు వెళుతున్నది, ఒకటి కడుతున్నది, ఒకటి మాటల్లో ఉన్నది. ఎప్పుడో అనుకున్న సంచిక ఒక్క ఫోన్‌కాల్‌తో తిరగబడుతుంది: నటుడు చనిపోయాడు, సినిమా విడుదల వాయిదా పడింది, ఇస్తామన్న స్టిల్ నిర్మాత ఆపేశాడు. నెలపత్రికలో అయితే తల పట్టుకుని కూర్చోవడానికి రెండు రోజులు దొరుకుతాయి. వారపత్రికలో ఆ రెండు రోజులే మొత్తం సంచిక.

అందుకే వారపత్రికలో మంచి క్రియేటివ్ డైరెక్టరు పేజీలు చేయడంకంటే ముందు పేజీల పద్ధతి చేసి పెడతాడు. ఒక పేజీకి ఎన్ని నిలువు కాలమ్స్, హెడ్డింగుకు ఏ అక్షరం, కాప్షన్ ఎక్కడ, రెండు వార్తల మధ్య ఎంత ఖాళీ, బాక్స్ ఐటమ్‌కు ఏ రంగు. ఇవన్నీ పత్రిక మొదలయ్యేటప్పుడో, కొత్త రూపం ఇచ్చేటప్పుడో తేలిపోవాలి. పెళ్లివంటలో రాత్రే కూరలు తరిగి, మసాలా నూరి పెట్టుకుంటే తెల్లారి పొయ్యి ముందు కంగారుండదు, ఇదీ అంతే. డెబ్బై ఎనభై పేజీల సంచికలో నికరంగా కొత్త ఆలోచన అడిగేవి ముఖచిత్రం, రెండు మూడు పెద్ద వ్యాసాలు. మిగతావి ఆ పద్ధతి మీద నడిచిపోవాలి. బయటివాళ్లకు ఇది నీరసమైన పనిగా తోస్తుంది. నాకైతే ముఖచిత్రంకంటే గొప్ప పని ఇదే అనిపిస్తుంది. ఎందుకంటే ఇది బాగుంటే ఎవరి కంటికీ కనబడదు.

కాగితం కూడా తన మాట నెగ్గించుకుంటుంది. పిన్ను కొట్టే పత్రికలో పేజీలు నాలుగు చొప్పునే పెరుగుతాయి, తగ్గుతాయి. ప్రెస్సులో పెద్ద కాగితం మీద ఎనిమిదో, పదహారో పేజీలు కలిపి అచ్చువేసి మడుస్తారు. దాన్నే ఫారం అంటాం. రంగు ఫారం ఏది, ముందుగా ప్రెస్సుకు వెళ్లేది ఏది, ప్రకటనలు ఎక్కడ పడ్డాయి అన్నదంతా డమ్మీలో, అంటే పేజీల నమూనాలో, ముందే గీసుకుంటారు. వేడి వార్త చివరగా వెళ్లే ఫారంలో పడాలి, నిలవ ఉండే వ్యాసం ముందు ఫారంలో వెళ్లిపోవాలి. ఇది తెలియని డిజైనరు ఎంత గొప్పవాడైనా వారపత్రికలో నెగ్గుకురాలేడు.

సినిమా పత్రికల నడిమి పేజీల్లో హీరో బ్లో-అప్ ఎందుకు వచ్చేదో దీంతోనే తెలుస్తుంది. పిన్ను కొట్టే పత్రికలో సరిగ్గా మధ్యనున్న రెండు పేజీలే ఒకే కాగితం మీద పక్కపక్కన అచ్చవుతాయి. మిగతా చోట్ల ఎదురెదురు పేజీల్లో ఎడమది ఒక కాగితం మీద, కుడిది ఇంకో కాగితం మీద ఉంటాయి. మడతలో ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా, ఒక ఫారంలో ఎరుపు కాస్త ఎక్కువ పడినా, రెండు పేజీల మీదుగా వేసిన ముఖం రెండుగా చీలుతుంది. ముక్కు ఇటు, చెంప అటు. అందుకే పెద్ద ముఖాన్ని నడిమి పేజీల్లో వేస్తారు. తక్కిన చోట్ల వెయ్యాల్సి వస్తే ముఖం మొత్తం ఒక పేజీలోకి జరిపి, మడత మీద భుజమో, ఆకాశమో పడేలా చూసుకుంటారు. పిన్ను విప్పి బ్లో-అప్ గోడకు అంటించుకున్న పిల్లలకు తెలియకపోయినా, ఆ పేజీ విడిగా ఊడి రావడం వెనక లెక్క ఉంది.

ఇప్పుడు ఒక ముఖచిత్రాన్ని దగ్గరగా చూద్దాం. నిర్మాత ఆఫీసు నుంచి స్టిల్ వచ్చింది. అది వెండితెర ఆకారంలో అడ్డంగా ఉంది, కవరు నిలువుగా ఉంది. హీరో ఎడమవైపు నిలబడ్డాడు, కుడివైపంతా గుర్రాలు, పొగ. గుర్రాలు కోసేస్తే హీరో మిగులుతాడు గానీ కథ పోతుంది. పైన నాలుగో వంతు పత్రిక పేరుకు కావాలి. హీరో తల పేరు మీదకు కాస్త ఎక్కితే బాగుంటుంది, బొమ్మకు లోతు వస్తుంది. కానీ పేరులో ఏ అక్షరం మరుగున పడుతుందో చూసుకోవాలి. అందరికీ తెలిసిన పత్రికకు ఆ ధైర్యం ఉంటుంది, కొత్త పత్రికకు ఉండదు. మొహం ఒక పక్కకు చూస్తుంటే, చూపు వెళ్లే వైపు ఖాళీ వదలాలి. ఆ ఖాళీలోనే వాక్యాలు పెట్టాలి. కింద మూలన బార్‌కోడ్. నాలుగంచులా మూడు మిల్లీమీటర్లు కత్తెరకు వదలాలి. ఇన్ని పోగా మిగిలిన చోట ఆలోచన చూపించాలి.

వాక్యాలు ఎక్కడ పెట్టాలన్నది దుకాణం మీద ఆధారపడుతుంది. అమెరికా, బ్రిటన్ దుకాణాల్లో పత్రికలు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కి నిలబడతాయి, ఎడమ అంచు మాత్రం పైకి కనబడుతుంది. కాబట్టి అక్కడ ముఖ్యమైన మాట ఎడమ పక్కన పెట్టడం పాత అలవాటు. మన బడ్డీకొట్ల దగ్గర తాడుకు క్లిప్పులు పెట్టి వేలాడదీస్తారు, బస్టాండులో వరసగా పరుస్తారు, పైభాగమే కనబడుతుంది. పైన ఉన్న పేరు, కళ్లు, ఒక్క హెడ్డింగు అమ్మితే అమ్మినట్టు.

తెలుగు లిపి ఇంకో లెక్క పెడుతుంది. ఇంగ్లిషు పెద్దక్షరాలు ఇటుకల వరసలా ఒకే ఎత్తులో ఉంటాయి, ఒక లైను మీద ఇంకో లైను దగ్గరగా పేర్చొచ్చు. మన అక్షరానికి పైన గుడి, తలకట్టు, కింద వత్తు. ‘రాష్ట్రం’ అన్న మాట కిందికి ఎంత జారుతుందో చూడండి. దాని కింద లైనులో ‘శ్రీ’ వస్తే పై లైను వత్తు, కింద లైను గుడి కొట్టుకుంటాయి. లైన్ల మధ్య దూరం పెంచితే హెడ్డింగు విడిపోతుంది, తగ్గిస్తే చదవలేం. కాబట్టి తెలుగు కవరు చేసేవాళ్లు కొన్నిసార్లు వత్తు తక్కువున్న మాట కావాలని సబ్-ఎడిటర్‌ను బతిమాలుకోవాలి. విదేశీ పత్రిక లేఅవుట్ యథాతథంగా దించుకున్న తెలుగు పేజీలు కిక్కిరిసి కనబడటానికి సగం కారణం ఇదే.

మన దగ్గర ఈ పని చాలాకాలం వేరే పేరుతో, లేదా ఏ పేరూ లేకుండా జరిగింది. బాపు (1933–2014) ఆంధ్రపత్రికలో కార్టూన్లు వేశారు, పత్రికలకు ముఖచిత్రాలు వేశారు, కథలకు బొమ్మలేశారు, హెడ్డింగులు చేత్తో రాశారు. ఆ చేతిరాతే తరవాత కంప్యూటర్ ఫాంటు అయింది. బొమ్మ, అక్షరం, పేజీలో ఖాళీ, ఈ మూడూ ఒకే చేతి కింద ఉండటమే కదా క్రియేటివ్ డైరెక్షన్ అంటే. సితార, జ్యోతిచిత్ర వంటి సినిమా వారపత్రికల కాలంలో సంపాదకుడు, ఆర్టిస్టు, లేఅవుట్ చేసేవాళ్లు కలిసి ఈ పని పంచుకున్నారు. హోదా లేకపోయినా తీర్పు ఉండేది.

ఎవరిని కవరు మీద వెయ్యాలన్న దానికి అమెరికాలో ఒక మొరటు సూత్రం ఉంది. ‘పీపుల్’ వారపత్రిక 1974 మార్చిలో నటి మియా ఫారో ముఖచిత్రంతో మొదలైంది. దాని తొలి సంపాదకుడు రిచర్డ్ స్టోలీ అమ్మకాలు చూసి చూసి కొన్ని నియమాలు చెప్పేవాడు. పెద్దవాళ్లకంటే పడుచువాళ్లు అమ్ముతారు, పేదలకంటే డబ్బున్నవాళ్లు, సినిమావాళ్లకంటే టీవీవాళ్లు. రాజకీయాలకంటే ఏదైనా మేలు. 1977 ఆగస్టులో ఎల్విస్ ప్రెస్లీ చనిపోతే ‘పీపుల్’ అతన్ని ముఖచిత్రంగా వేయలేదు. అది పెద్ద పొరపాటని స్టోలీయే తరవాత ఒప్పుకున్నాడు. 1980 డిసెంబరు 8న జాన్ లెనన్ హత్య జరిగినప్పుడు మాత్రం వెంటనే వేశారు, అది విపరీతంగా అమ్ముడైంది. అప్పటి నుంచి, అప్పుడే పోయిన ప్రముఖుణ్ణి మించిన కవరు లేదన్న నియమం కూడా చేరింది. వినడానికి కటువుగా ఉంటుంది. కానీ ఒక ముఖం చూసి, నిజంగానే ఈ వారం జనం మనసులో ఉన్నది ఇతనేనా అని అడిగే అలవాటు ఆ కటువుదనంలోంచే వచ్చింది. క్రియేటివ్ డైరెక్టరు ఆ నియమాలు తెలుసుకోవాలి, వాటికి లొంగిపోకూడదు. లొంగితే యాభై రెండు వారాలూ ఒకే కవరు వస్తుంది.

అన్నిటికంటే చిరాకైన సంగతి ఏమిటంటే, వినోద పత్రిక సరుకు పత్రికది కాదు. స్టిల్సు నిర్మాతవి, మొహం హీరోది, తేదీ పీఆర్వోది. ఒకే వర్కింగ్ స్టిల్ అన్ని పత్రికలకూ వెళుతుంది. హాలీవుడ్‌లోనూ ఇదే కథ, కాస్త ఖరీదైన బట్టల్లో. శాన్ డియేగోలో ఏటా జరిగే కామిక్-కాన్ ముందు, ఫలానా సూపర్‌హీరో కొత్త వేషం మొదట మా కవరు మీదే చూపిస్తాం అని ‘ఎంటర్‌టైన్‌మెంట్ వీక్లీ’ స్టూడియోలతో ఒప్పందం చేసుకునేది. బదులుగా స్టూడియోవాళ్లు ఏ ఫోటో వెళ్లాలో తామే చెప్పాలని చూస్తారు. ఇక్కడ పత్రిక తన ఫోటో తను తీసుకోగలిగితే కథ మారుతుంది.

2003లో అలా మారింది. ఆ మార్చిలో లండన్ వేదిక మీద డిక్సీ చిక్స్ బృందం గాయని నేటలీ మెయిన్స్, అమెరికా అధ్యక్షుడు బుష్ తమ టెక్సస్ వాడైనందుకు సిగ్గుపడుతున్నామని అంది. ఇరాక్ యుద్ధానికి సన్నాహాలు జరుగుతున్న రోజులు. కంట్రీ సంగీతం వేసే రేడియోలు వాళ్ల పాటలు ఆపేశాయి, జనం సీడీలు తొక్కించారు. మే 2 సంచిక కవరు మీద ‘ఎంటర్‌టైన్‌మెంట్ వీక్లీ’ ఆ ముగ్గురినీ బట్టల్లేకుండా కూర్చోబెట్టింది. ఒంటి మీద మాటలు రాసి ఉన్నాయి: జనం తిట్టిన తిట్లు, పొగిడిన పొగడ్తలు, ద్రోహులు అన్న మాట పక్కనే దేశాన్ని చూసి గర్వించే అమెరికన్లు అన్న మాట. ముగ్గురూ నేరుగా కెమెరాలోకి చూస్తున్నారు. కవర్ల మీద చర్మం చూపడం కొత్తేమీ కాదు, అమ్మకాలకు అదో పాత చిట్కా. ఇక్కడ చూపు చర్మం మీద ఆగదు, అక్షరాల మీదకు పోతుంది. నగ్నత్వం సరుకుగా కాక కాగితంగా మారింది. దీన్ని కుదర్చడానికి ఎంత పని ఉందో ఊహించండి: చేతులు, మోకాళ్లు ఎలా ముడుచుకుంటే దుకాణదారు పత్రిక వెనక్కి పంపడు, భుజం వంపు మీద అక్షరం ఎంత లావుగా ఉంటే చదవగలం, ఏ మాట ఎవరి ఒంటి మీద ఉండాలి. అన్నిటికంటే ముందు, ఆ ముగ్గురూ ఇష్టపడి ఒప్పుకోవాలి.

ఆ ఒప్పుకోలు లేనప్పుడు ఏమవుతుందో ‘టీవీ గైడ్’ చూపించింది. అమెరికాలో అప్పట్లో కోటికి పైగా ప్రతులు అమ్మే ఆ వారపత్రిక 1989 ఆగస్టు 26 సంచిక కవరు మీద టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రేను మిలమిలలాడే గౌనులో చూపింది. తల ఓప్రాదే. ఒళ్లు నటి ఆన్-మార్గరెట్‌ది, 1979 నాటి ప్రచార ఫోటోలోంచి తెచ్చింది. ఇద్దరిలో ఎవరినీ అడగలేదు. ఆన్-మార్గరెట్ దుస్తులు తయారుచేసే డిజైనరు ఆ గౌను గుర్తుపట్టడంతో గుట్టు రట్టయింది. గమనించండి, అప్పటికి ఫోటోషాప్ బజారులోకి రానేలేదు. అది వచ్చింది 1990 ఫిబ్రవరిలో, విచిత్రంగా ‘ఎంటర్‌టైన్‌మెంట్ వీక్లీ’ తొలి సంచిక వచ్చిన రోజుల్లోనే. మోసానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ వచ్చాక సులువైందంతే. ఇవాళ మొటిమ తీసెయ్యడానికీ, నడుము సన్నం చెయ్యడానికీ, రెండు వేర్వేరు రోజుల్లో తీసిన జంటను పక్కపక్కన నిలబెట్టడానికీ మీట ఒకటే. గీత ఎక్కడ గీయాలన్నది ఫోటో దిద్దేవాడి బాధ్యత కాదు. అది పై కుర్చీలో కూర్చున్న మనిషిది.

ప్రకటనలవాళ్ల గొడవ గురించి ఒక్క ముక్క. 2009లో ‘ఎంటర్‌టైన్‌మెంట్ వీక్లీ’ కొన్ని ప్రతుల్లో పేజీ తిప్పగానే వీడియో ఆడే చిన్న తెర వచ్చింది, 2012లో ఇంకో ప్రకటన లోపల ఏకంగా ఒక మొబైల్ ఫోన్ భాగాలే దొరికాయి. రెండూ టీవీ చానెళ్ల ప్రకటనలు. జనం ఆ ప్రకటనల గురించే మాట్లాడుకున్నారు, పక్క పేజీ వ్యాసం గురించి కాదు.

2019లో ‘ఎంటర్‌టైన్‌మెంట్ వీక్లీ’ నెలపత్రిక అయింది. పేరులో వీక్లీ అలాగే ఉంచి నెలకోసారి వచ్చేది. నవ్వొస్తుంది గానీ, వారం అన్నది ఆ పత్రికకు ఎంత ప్రాణమో ఆ పేరు మార్చలేకపోవడంలోనే తెలుస్తుంది. 2022 ఏప్రిల్ సంచికతో అచ్చు ఆగిపోయి, వెబ్‌సైటు మిగిలింది. అలాంటి పత్రికల్లో పనిచేసినవాళ్లు ఓటీటీ సంస్థలకూ, స్టూడియోల ప్రచార విభాగాలకూ, యాప్ కంపెనీలకూ వెళ్లారంటే ఆశ్చర్యం లేదు. ఫోన్ తెర మీద బొటనవేలంత బొమ్మ చూసి మనం సినిమా ఎంచుకుంటున్నాం, అదీ ఒక ముఖచిత్రమే. తేడా ఏమిటంటే, 2017లో నెట్‌ఫ్లిక్స్ ఇంజినీర్లు వివరించినట్టు, ఆ బొమ్మ అందరికీ ఒకటే కాదు. ‘గుడ్ విల్ హంటింగ్’ సినిమాకు ప్రేమకథలు చూసేవాళ్లకు నాయికానాయకుల బొమ్మ, హాస్యం చూసేవాళ్లకు రాబిన్ విలియమ్స్ బొమ్మ చూపొచ్చు. ఎవరికి ఏది చూపాలో లెక్క చూసి యంత్రం తేలుస్తుంది. యంత్రం ఎంచుకోవడానికి ఒకే సినిమాకు రకరకాల బొమ్మలు సిద్ధంగా ఉండాలి. వాటిలో ఏ ఒక్కటీ ఊరంతటికీ ఒకేసారి కనబడదు కాబట్టి, డాలెక్ కవరులాంటి జోకు అక్కడ పేలే వీల్లేదు.